వెన్నుపాము దెబ్బతిన్నవారిపై పరిశోధన: అడగవలసింది ఎవరిని?



ఈ సంచికకు పడక పుండ్ల గురించి వ్రాయాలని ముందు అనుకున్నాము. అయితే మొన్న ఒక్క వారంలోనే ముగ్గురు వచ్చి మమ్మల్ని ఒకే మాట అడిగారు. "సిస్టర్ గారూ, వెన్నుపాముకి కొత్త వైద్యం కనిపెట్టారట, దాని మీద పరిశోధన చేస్తున్నారట, మావాణ్ణి చేర్చమంటారా?" ఒకరు పేపరు కటింగ్ తెచ్చారు, ఇద్దరు ఫోనులో వీడియో చూపించారు. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా మంచం మీద ఉన్న మనిషి కాదు. ఒకరు తండ్రి, ఒకరు అన్న, ఒకరు మేనమామ. అందుకే పడక పుండ్లను వచ్చే సంచికకు వాయిదా వేసి ఇది వ్రాస్తున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ క్రిందట తాటిచెట్టు మీద నుండి పడిన ఒక గీత కార్మికుడు మా వార్డులో ఉండేవాడు. 26 ఏళ్ళ వయసు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నది. కాళ్ళు పూర్తిగా పోయాయి, చేతులు మోచేతి క్రింద నుండి పనిచేయవు, స్పర్శ లేదు. మాట, తెలివి, జ్ఞాపకం మాత్రం మీకూ మాకూ ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వార్డులో అందరినీ నవ్వించేది అతనే. నైట్ డ్యూటీ సిస్టర్ అడుగుల చప్పుడు విని ఎవరు వస్తున్నారో పేరు పెట్టి పిలిచేవాడు.

ఒక రోజు అతని అన్న సిటీ నుండి ఒక ఫారం తెచ్చాడు. అక్కడ ఒక చోట మూలకణాల ఇంజెక్షన్లతో 'ట్రయల్' జరుగుతోందని, చేర్చుకుంటామన్నారని చెప్పాడు. ఆరు పేజీల కాగితం, మొత్తం ఇంగ్లీషు. అన్నకు ఇంగ్లీషు రాదు, తమ్ముడికీ రాదు. "ఇంకు ప్యాడ్ ఉందా సిస్టర్?" అన్నాడు. ఉన్నది, ఇచ్చాము. అతను తమ్ముడి బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కాడు. ఆ సమయంలో ఆ అబ్బాయి తల కిటికీ వైపు తిరిగి ఉంది. స్పర్శ లేని వేలు కదా, తన ముద్ర పడిందని కూడా అతనికి తెలియలేదు. వేలికి అంటిన సిరాను స్పిరిట్ దూదితో తుడిచింది మేమే.

భూమి తాకట్టు పెట్టి వెళ్ళారు. మూడు విడతలుగా ఇంజెక్షన్లు చేశారట. తిరిగి వచ్చేటప్పటికి జ్వరం, పిరుదు మీద అరచేయంత పుండు. కాళ్ళలో మార్పు లేదు. ఆ తరువాత ఎలా ఉన్నావని ఫోను చేసి అడిగిన వారు కూడా లేరు. అన్నను మేము తప్పు పట్టము. తమ్ముడి కోసం ఉన్నదంతా ఊడ్చి పెట్టిన మనిషి అతను. కానీ పుండు కట్టు మారుస్తున్నప్పుడు ఆ అబ్బాయి అన్న మాట మాలో చాలామందికి ఇప్పటికీ గుర్తుంది. "నన్ను అడిగి ఉంటే నేనూ పోదామనే అనేవాడినేమో సిస్టర్. అడగలేదు, అంతే."

ఈ మాట చదివి మేము పరిశోధనకు వ్యతిరేకులమని అనుకోవద్దు. ఈ రోజు మా వార్డులో వెన్నుపాము దెబ్బతిన్నవారు బ్రతికి, ఇంటికి వెళ్ళి, పిల్లలను చదివించుకుంటున్నారంటే అది పరిశోధన పుణ్యమే. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు ఇలాంటి రోగులు ఎక్కువమంది కొద్ది కాలంలోనే పడక పుండ్లతో, మూత్రపు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు ప్రత్యేక విభాగం తెరచి, రాత్రింబవళ్ళు రెండు గంటలకోసారి రోగిని ప్రక్కకు తిప్పాలని పట్టుబట్టాడు. ఇప్పుడు మేము మిమ్మల్ని నిద్రలో లేపి తిప్పుతుంటే మీరు విసుక్కునేది ఆయన వలననే. మూత్రం పైపు సంగతి కూడా అంతే. పైపు వేయాలంటే ఆపరేషన్ థియేటరులో ఉన్నంత క్రిమిరహితంగా ఉండాలని ఒకప్పుడు నమ్మేవారు. శుభ్రంగా కడుక్కున్న చేతులతో రోగి తానే వేసుకుని తీసేయవచ్చని 1972లో అమెరికాలో లాపిడెస్ అనే డాక్టరు చూపించాడు. ఇంటికి వెళ్ళే ముందు మేము మీకు నేర్పే పద్ధతి అదే. ఎవరో ఒకరు తమ శరీరం మీద ముందుగా చూడనిస్తేనే ఇవి మనదాకా వచ్చాయి. వారికి మనం ఋణపడి ఉన్నాము.

కాబట్టి పరిశోధన కావాలి. ఎవరిని అడిగి చేస్తున్నారు, ఏమి చెప్పి అడుగుతున్నారు అన్నదే మా ప్రశ్న.

మన ఇళ్ళలో జరిగేది మీకు తెలుసు. మనిషి పడిపోతాడు, స్కాన్ తీస్తారు. డాక్టరు గారు తండ్రినో అన్ననో వరండాలోకి పిలిచి "నడవడం కష్టం" అని చెబుతారు. లోపలికి వచ్చి తండ్రి కొడుకుతో "ఇంకో నెలలో లేచి నడుస్తావు నాయనా" అంటాడు. ఇంటికి వచ్చిన బంధువులందరూ అదే అంటారు. మేము కూడా మాట మార్చి ఫిజియో గురించి మాట్లాడతాము. ప్రేమతోనే చేస్తాము, కాదనము. కానీ తన శరీరానికి ఏమి జరిగిందో తెలియని మనిషి, దాని మీద చేసే పరిశోధనకు ఒప్పుకున్నాడని ఎలా అనగలము? ఎలాగూ నెలలో నడుస్తాననుకునేవాడు ఆపరేషనుకు 'సరే' అంటే అది ఏ లెక్కలోకి వస్తుంది? ముందు నిజం చెప్పాలి. నిజం చెప్పడం డాక్టరు పని, చెప్పిన తరువాత ఆ రాత్రంతా ప్రక్కన ఉండడం మా పని.

ఈ చిక్కు మన దేశానిది మాత్రమే కాదు. 2010 అక్టోబరులో అమెరికాలో జెరాన్ అనే కంపెనీ, పిండ మూలకణాల నుండి తయారుచేసిన కణాలను వెన్నుపాములోకి ఎక్కించే పరిశోధన మొదలుపెట్టింది. ఇలాంటి కణాలతో ప్రభుత్వ అనుమతి పొందిన మొదటి పరిశోధన అది. దెబ్బ తగిలిన 7 నుండి 14 రోజుల లోపలే కణాలు ఎక్కించాలన్నది నియమం. ఆ రెండు వారాలు మనిషి ఎలా ఉంటాడో మేము రోజూ చూస్తున్నాము. నొప్పి, మత్తు మందులు, భయం, నిద్ర లేదు, తల్లి ఏడుపు. జీవితమంతా శరీరంలో ఉండిపోయే కణాల గురించి అప్పుడే తేల్చుకోమంటే అది ఎంత కష్టం! శాస్త్ర కారణాలు ఉండవచ్చు, ఆలస్యమైతే మచ్చ కట్టి కణాలు పనిచేయవని వారి వాదన. అయినా అడిగే తీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి చెప్పి సంతకం తీసుకుంటే చాలదు. ఈ రోజు చెప్పి, రేపు మళ్ళీ చెప్పి, 'నీకేమి అర్థమైంది, నీ మాటల్లో చెప్పు' అని అడగాలి.

ఆ పరిశోధన కథ అక్కడితో అయిపోలేదు. 2011 నవంబరులో కంపెనీ దానిని ఆపేసింది. ప్రమాదం జరిగి కాదు, డబ్బు ఇతర మందుల మీద పెట్టాలని. అప్పటికి చేరినవారు అయిదుగురే. నడవాలన్న ఆశతో తన వెన్ను అప్పగించిన మనిషికి "మా వ్యాపార ప్రణాళిక మారింది" అని వినడం ఎలా ఉంటుంది? అయితే ఒక మంచి మాట కూడా చెప్పాలి. కంపెనీ తప్పుకున్నా ఆ అయిదుగురిని చూడడం మానలేదు. పదేళ్ళ తరువాత వారి పరిస్థితి ఎలా ఉందో 2022లో ప్రచురించారు, ఆ కణాల వలన తీవ్రమైన హాని కనిపించలేదు. పరిశోధన అంటే అలా వెంట ఉండాలి. మా గీత కార్మికుడికి మూడో ఇంజెక్షను తరువాత ఎవరూ ఫోను చేయలేదని పైన చెప్పాము.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెబుతాము. మీ దగ్గర లక్షలు తీసుకుని ఇంజెక్షను చేసేది పరిశోధన కాదు. పరిశోధన కోసం అయ్యే ఖర్చు పాల్గొనేవారి నెత్తిన వేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే సంవత్సరం మూలకణాలపై వచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఇంకా గట్టిగా చెప్పాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, అనుమతి పొందిన పరిశోధన బయట మూలకణాలు ఎక్కించడం అనైతికం, వైద్య దుర్వృత్తి కిందకు వస్తుంది అని. నిజమైన పరిశోధన అయితే దానికి సి.టి.ఆర్.ఐ. అనే జాతీయ రిజిస్టరులో నంబరు ఉంటుంది. 2007లో మొదలైన ఆ రిజిస్టరులో నమోదు 2009 జూన్ నుండి తప్పనిసరి. నంబరు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, నంబరు లేకపోతే మాత్రం అక్కడి నుండి లేచి రావచ్చు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పరిశోధన వలన హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. 'మాకు బాధ్యత లేదు' అని ఫారంలో ఉంటే చింపి పారేయండి.

ఇక వీడియోల గురించి. ఇక్కడ సంఘ కుటుంబాలతో కాస్త చనువుగా మాట్లాడాలి. మనకు సాక్ష్యం అంటే గౌరవం. ఒక సహోదరుడు ముందుకు వచ్చి "నేను లేవలేని స్థితిలో ఉన్నాను, ఇప్పుడు లేచాను" అంటే మనసు కరిగిపోతుంది. కరగవలసిందే. కానీ మందు పనిచేసిందా లేదా అన్నది ఒకరి సాక్ష్యంతో తేలదు. కారణం చెబుతాము. వెన్నుపాముకు దెబ్బ తగిలిన తరువాత చాలామందిలో ఏ మందూ లేకుండానే కొంత శక్తి, కొంత స్పర్శ తిరిగి వస్తుంది. మొదటి మూడు నెలల్లో ఎక్కువ, ఆ తరువాత ఏడాది, ఏడాదిన్నర వరకు కొద్దికొద్దిగా. ఆ సమయంలో మీరు ఇంజెక్షను చేయించుకుంటే ఇంజెక్షను వలననే వచ్చిందంటారు. ఆకుపసరు తాగితే పసరు వలననే అంటారు. అబద్ధం కాదు, నిజంగానే నమ్ముతారు. అందుకే కొందరికి మందు ఇచ్చి, కొందరికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియనివారి చేత పరీక్ష చేయించి పోల్చాలి.

ఇందులో మా అనుభవం కూడా ఉంది. మేము చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, వెన్ను దెబ్బతో కేసు రాగానే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించేవారు. 1990లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఆధారం. బరువు చూసి లెక్కకట్టి మొదటి మోతాదు 15 నిమిషాల్లో, 45 నిమిషాలు ఆగి, ఆపైన 23 గంటల డ్రిప్. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టింది మేమే. ప్రాణం పోసినట్టు అనిపించేది. తరువాత ఆ లెక్కలను ఇతర వైద్యులు తిరిగి పరిశీలించి, లాభం అనుకున్నంత లేదని, ఇన్‌ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం వంటి హాని ఉన్నదని అన్నారు. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు దీనిని ఇవ్వవద్దని మార్గదర్శకం ఇచ్చాయి. 2017లో మరొక నిపుణుల బృందం, మొదటి 8 గంటల లోపు అయితే ఆలోచించవచ్చు అన్నది. వాదన ఇంకా సాగుతూనే ఉంది. అంత పెద్ద పరిశోధన విషయంలోనే ఇలా ఉంటే, రెండు నిమిషాల వీడియో మీద భూమి తాకట్టు పెట్టడం ఏమిటి?

హాని జరగదు, అయితే లాభం లేదంటే సరి, ఒకసారి చూద్దాం అనే మాట కూడా మేము తరచు వింటాము. "పోయేదేముంది సిస్టర్, ఎలాగూ కాళ్ళు లేవు కదా" అంటారు. పోయేది ఉంటుంది. పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొరను తీసి వెన్నుపాములో అమర్చే ఆపరేషను చేయించుకున్న ఒక అమెరికా యువతికి, ఎనిమిదేళ్ళ తరువాత వీపు నొప్పి వచ్చింది. తెరచి చూస్తే వెన్నులో ముక్కు పొర పెరిగి, చీమిడి వంటి ద్రవం ఊరే గడ్డ అయి ఉంది. డాక్టర్లు దీనిని 2014లో ప్రచురించారు. చైనాలోని బీజింగ్‌లో పిండ కణాలు ఎక్కించుకున్న ఏడుగురిని బయటి డాక్టర్లు ముందూ వెనుకా పరీక్షించి 2006లో వ్రాశారు. పనికివచ్చే మార్పు ఎవరిలోనూ లేదు, అయిదుగురికి మెనింజైటిస్ వచ్చింది. మెడ దెబ్బ ఉన్నవారికి చేతుల్లో మిగిలిన ఆ కాస్త బలం, ఊపిరి తీసుకునే బలం ఎంత విలువైనవో మాకు తెలుసు. చెంచా పట్టుకోగల చేతికి, పట్టుకోలేని చేతికి ఉన్న తేడా ఒక జీవితమంత.

మీరు చూపిస్తున్న వీడియోల్లో కొన్ని జపాన్‌వి. అక్కడ కియో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబరులో మొదటి రోగికి ఐ.పి.ఎస్. కణాల నుండి తయారైన కణాలు అమర్చారు. నలుగురి ఫలితాలు 2025 మార్చిలో చెప్పారు. తీవ్రమైన హాని కనిపించలేదు, ఇద్దరిలో మెరుగుదల ఉంది, ఒకరు నిలబడగలిగారు. సంతోషించవలసిన వార్తే. కానీ పోల్చడానికి రెండో జట్టు లేదు, నలుగురు చాలా తక్కువ. ఆ శాస్త్రవేత్తలే ఇంకా చూడాలంటున్నారు. మనం తొందరపడడం ఎందుకు?

పోల్చడం గురించి చెప్పాము కనుక ఒక ఇబ్బందికరమైన మాట. కణాలు అమర్చే ఆపరేషన్లలో నిజంగా పోల్చాలంటే, కొందరికి వీపు కోసి ఏమీ పెట్టకుండా కుట్టేయాలని వాదించే శాస్త్రవేత్తలు ఉన్నారు. వారి వాదనలో బలం ఉంది, లేకపోతే ఆశ వలన కలిగే మెరుగును మందు మెరుగు అనుకుంటాము. అయినా మత్తు ఇచ్చి, కోసి, ఖాళీగా కుట్టిన గాయానికి కట్టు కట్టాలంటే మాకు మనసొప్పదు. మామూలు చికిత్స పొందినవారితో పోల్చి, పరీక్ష చేసేవారికి మాత్రం చెప్పకుండా ఉంచితే చాలదా అని అడుగుతాము. మా మాట తప్పే కావచ్చు. ఇలాంటి ప్రశ్న తేల్చే కమిటీలో వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి ఒకరైనా కూర్చుని ఉండాలన్నది మాత్రం తప్పు కాదు.

అది మా కోరిక మాత్రమే కాదు, చట్టం కూడా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6వ సెక్షను చదవండి. వికలాంగుడైన వ్యక్తి మీద పరిశోధన చేయాలంటే అతనికి అర్థమయ్యే, అందుబాటులో ఉండే పద్ధతిలో చెప్పి, అతని స్వేచ్ఛాపూర్వక అంగీకారం తీసుకోవాలి. దానితో పాటు ప్రభుత్వం నియమించిన పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ కమిటీలో సగానికి తక్కువ కాకుండా వికలాంగులు గాని, వారి కోసం పనిచేసే రిజిస్టర్డ్ సంస్థల సభ్యులు గాని ఉండాలి. 'అతని అంగీకారం' అని ఉంది, అన్నది కాదు, తండ్రిది కాదు. చేయి కదలకపోతే నోటితో చెప్పవచ్చు, దానికి ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి, వీడియో తీయవచ్చు. సంతకం చేయలేని చేతిని చూసి, నిర్ణయించలేని మనిషి అనుకోవడమే మనం చేస్తున్న తప్పు.

ఒకరి బదులు మరొకరు సంతకం పెట్టడం వలన ఏమవుతుందో మన తెలుగు నేల ఒకసారి చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు జరిగింది. ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న గిరిజన పిల్లలు చాలామంది. అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దానిని ఆపించారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. పొరపాటు పడవద్దు, ఆ టీకా మంచిదే, మా ఆసుపత్రికి వచ్చే ఆడపిల్లల తల్లులకు వేయించమనే చెబుతాము. అడగకుండా చేయడం వలన మంచి టీకా మీద కూడా జనానికి ఏళ్ళ తరబడి అనుమానం మిగిలింది.

ఇప్పుడు మా వంటి ఆసుపత్రుల గురించి మేమే చెప్పుకోవాలి. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది బిల్లు కట్టలేనివారు. రాయితీ ఇస్తాము, ఒక్కోసారి పూర్తిగా మాఫీ చేస్తాము. అలాంటి మనిషిని పరిశోధనలో చేరతావా అని అడిగితే, "మీ ఉప్పు తిన్నాము సిస్టర్, మీరు ఏది చెబితే అది" అంటాడు. ఆ మాట వింటే గర్వం కలుగుతుంది, నిజానికి భయం కలగాలి. కాదనలేని మనిషి చెప్పే 'అవును'కు విలువ లేదు. పాస్టరు గారు ప్రక్కన ఉండి "మంచి అవకాశం, చేరు బాబూ" అంటే ఇంకా కష్టం. పాస్టర్లకు మా మనవి, ప్రార్థన చేయండి, ధైర్యం చెప్పండి, ఫారం విషయంలో మాత్రం మౌనంగా ఉండండి.

నర్సు చెబితే ఎంతగా వింటారో చెప్పడానికి ఒక పాత కథ. అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కెగీలో 1932 నుండి 1972 వరకు, సవాయి రోగం ఉన్న సుమారు 400 మంది పేద నల్లజాతి పురుషులకు చికిత్స చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చిన తరువాత కూడా ఇవ్వలేదు. డాక్టర్లు మారుతూ వచ్చారు, మారకుండా ఉన్నది యూనిస్ రివర్స్ అనే నర్సు. ఆమె కూడా నల్లజాతి స్త్రీయే. కారులో తీసుకువచ్చేది, వేడి భోజనం పెట్టించేది, యోగక్షేమాలు అడిగేది. ఆమె మీద నమ్మకంతోనే వారు వస్తూ ఉన్నారు. ఆమె చెడ్డ మనిషి అని మేము అనలేము. ఇంకు ప్యాడ్ ఇచ్చిన రోజు మేమూ చెడ్డ మనసుతో ఇవ్వలేదు.

పరిశోధకులను కూడా ఒకటి అడగాలని ఉంది. అందరూ నడక మీదే ఎందుకు పరిశోధన చేస్తారు? కిమ్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, తాను కూడా వెన్నుపాము గాయంతో జీవిస్తున్న మనిషి, 681 మందిని అడిగి 2004లో ప్రచురించారు. నాలుగు అవయవాలూ పోయినవారు ఎక్కువమంది ముందుగా కోరింది చేతుల పని. కాళ్ళు మాత్రమే పోయినవారు ముందుగా కోరింది దాంపత్య జీవితం. మూత్రం, మలం మీద అదుపు ఇద్దరికీ ముఖ్యమే. మా వార్డులో కూడా అంతే. కొత్తలో అందరూ నడక అంటారు. ఏడాది దాటాక వచ్చి తలుపు దగ్గరకు వేసి, "నలుగురిలో కూర్చున్నప్పుడు బట్టలు పాడవకుండా ఏదైనా ఉందా సిస్టర్" అని అడుగుతారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు మేరీ వర్గీస్ గారు 1954లో కారు ప్రమాదంలో కాళ్ళు కోల్పోయి, వీల్‌చెయిర్‌లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, అక్కడి పునరావాస విభాగాన్ని నడిపించారు. రోగికి ఏమి కావాలో ఆమెకు ఒకరు చెప్పనవసరం లేకపోయింది. మనకు అంత అనుభవం లేదు, కనుక అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు మా వార్డులో ఎవరు ఏ ఫారం తెచ్చినా ముందు రోగి మంచం దగ్గరే తెలుగులో చదువుతాము. బంధువులను కాసేపు బయట కూర్చోమంటాము, కోపం వచ్చినా సరే. రెండు రాత్రులు గడవనిస్తాము. వద్దంటే మా వైద్యంలో ఏ మార్పూ ఉండదని డాక్టరు గారి చేతనే చెప్పిస్తాము.

ఆ గీత కార్మికుడు ఇప్పుడు ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు, లెక్కలన్నీ నోటితోనే. నిరుడు ఫిజియోథెరపీ కాలేజీ విద్యార్థిని ఒకామె వీల్‌చెయిర్ మెత్తలు, పడక పుండ్ల మీద పరిశోధనకని మా దగ్గరకు వస్తే, అతని ఇంటికి తీసుకువెళ్ళాము. ఫారం అంతా చదివించుకుని విన్నాడు. "ఇందులో ఏమి తేలిందో మళ్ళీ వచ్చి నాకు చెబుతారా అమ్మా?" అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. వెళ్ళి వాళ్ళ సార్‌ను అడిగి, మరుసటి వారం ఫారంలో ఆ వాక్యం చేర్చి తెచ్చింది. పుండు ఫోటో తీయడానికి అతను ఒప్పుకోలేదు. మిగతావాటికి సరే అన్నాడు.